ప్లగ్గులోని ఫ్యూజు ఎవరికి కాపలా?

(బ్రిటన్‌లోని ఒక తెలుగు సంఘంలో, పండుగ సభలకు తెచ్చే విద్యుత్ పరికరాలను తనిఖీ చేసేందుకు ముందుకొచ్చిన కార్యకర్తలకు ఇచ్చిన శిక్షణ ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ఉగాది సభకు హాలు అద్దెకిచ్చినవారు ఈసారి ఒక షరతు పెట్టారు. వంటకు, మైకులకు, అలంకరణకు మనం తెచ్చే ప్రతి విద్యుత్ పరికరాన్నీ ముందుగా తనిఖీ చేయించి, దాని మీద తేదీతో చీటీ అంటించి ఉండాలన్నారు. ఇక్కడ దీన్ని ప్యాట్ పరీక్ష, అంటే పోర్టబుల్ అప్లయన్స్ టెస్టింగ్, అంటారని మీలో చాలామందికి తెలుసు. ఆ పనిలో నాకు సాయం చేస్తామని మీరంతా ఆదివారం ఉదయం ఇంత దూరం వచ్చారు, చాలా సంతోషం. పరీక్ష యంత్రాన్ని నడపడం అరగంటలో నేర్చుకోవచ్చు, అది భోజనాల తరువాత చూద్దాం. ఈ పూట నేను చెప్పదలచుకున్నదంతా ఆ యంత్రం మంచిచెడ్డలు తేల్చలేని ఒక చిన్న వస్తువు గురించి. అంగుళం పొడవు, పావు అంగుళం మందం ఉండి ప్లగ్గు లోపల కంటికి కనబడకుండా కూర్చునే ఫ్యూజు గురించి.

కొన్నేళ్ళ క్రితం వేరే ఊళ్ళో జరిగిన ఒక దీపావళి సభకు నేను అతిథిగా వెళ్ళాను. వేదిక చుట్టూ విద్యుత్ దీపాల తోరణాలు కట్టారు. వాటిలో ఒకదాని ప్లగ్గు పగిలిపోతే ఎవరో కొత్త ప్లగ్గు కొనుక్కొచ్చి బిగించారు. ఆ తోరణం వైరు తెర వెనుకగా వెళ్ళి, ఒకదాని మీద ఒకటి పేర్చిన మడత కుర్చీల కింద నలిగింది. నాటకం రెండో రంగం నడుస్తుండగా కాలిన ప్లాస్టిక్ వాసన వచ్చింది. తెర పక్కకు జరిపి చూస్తే వైరు నలిగిన చోటి నుంచి గోడ దాకా మెత్తబడి, తెర అంచుకు అంటుకుపోయి ఉంది. గుడ్డ మీద బెత్తెడు పొడవున గోధుమరంగు మచ్చ పడింది. ఒక కుర్రవాడు సమయానికి స్విచ్ ఆపేశాడు కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. తరువాత ఆ ప్లగ్గు విప్పి చూస్తే లోపలి ఫ్యూజు చెక్కుచెదరలేదు. మీటరు పెట్టి చూశాను, నిక్షేపంగా పనిచేస్తోంది. దాని మీద 13 అని రాసి ఉంది, అంటే 13 ఆంపియర్లు. పారే కరెంటును ఆంపియర్లలో కొలుస్తారు. తోరణం వైరు మాత్రం 3 ఆంపియర్లకు మించి మోయలేనంత సన్ననిది.

ఆ ప్లగ్గు బిగించినవారి తప్పు ఎంతో కాదు. ఈ దేశంలో దుకాణాల్లో విడిగా అమ్మే ప్లగ్గుల్లో సాధారణంగా 13 ఆంపియర్ల ఫ్యూజే ముందుగా పెట్టి ఉంటుంది. మరలు విప్పి, మూడు తీగలు బిగించి, మూత వేస్తే దీపాలు వెలుగుతాయి. పని అయిపోయిందనే ఎవరైనా అనుకుంటారు. ఆ ఫ్యూజు ఈ వైరుకు సరిపోతుందా అన్న ప్రశ్న ఆ క్షణంలో తట్టాలంటే, అసలు అది అక్కడ ఎందుకుందో తెలిసి ఉండాలి.

మనం పుట్టిపెరిగిన ఇళ్ళలో ప్లగ్గులో ఫ్యూజు అనేదే ఉండదు. గోడ మీద మీటరు పక్కన తెల్లటి పింగాణీ ఫ్యూజు ఉండేది. అది పోతే నాన్నగారో, పక్కింటి మామయ్యో దాన్ని ఊడబెరికి, కాలిన తీగ తీసేసి, కొత్త ఫ్యూజు తీగ చుట్టేవారు. ఇంట్లో ఫ్యూజు తీగ లేకపోతే ఏదో ఒక వైరు ఒలిచి రెండు పోగులు చుట్టిన ఇళ్ళు కూడా నాకు తెలుసు, మీకూ తెలిసే ఉంటాయి. ఆ అలవాటు వల్ల మనకొక అభిప్రాయం స్థిరపడింది. ఫ్యూజు తరచూ పోతుంటే అది చిన్నదై ఉంటుంది, కాస్త గట్టిది వేస్తే గొడవ తీరుతుంది అని. ఇక్కడి ప్లగ్గు విప్పేటప్పుడు ముందుగా వదిలించుకోవలసింది ఆ అభిప్రాయాన్నే.

బ్రిటన్‌లో ప్లగ్గులోకి ఫ్యూజు రావడానికి ఒక చరిత్ర ఉంది. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తుండగానే, 1942లో, యుద్ధం ముగిశాక కట్టబోయే ఇళ్ళలో విద్యుత్ ఏర్పాట్లు ఎలా ఉండాలో ఆలోచించడానికి ఇక్కడ ఒక సంఘాన్ని ఏర్పాటు చేశారు. దానిలో ఉన్న ఏకైక మహిళ కరోలిన్ హాస్లెట్. విద్యుత్తు ఇంటి ఆడవారి చాకిరీని తగ్గించాలని జీవితమంతా పాటుపడిన ఇంజినీరు ఆవిడ. 1944లో ఆ సంఘం నివేదిక వచ్చింది. 1947లో ఈ మూడు దీర్ఘచతురస్రపు పిన్నుల ప్లగ్గుకు బీఎస్ 1363 అనే బ్రిటిష్ ప్రమాణం వచ్చింది. రాగి కొరత ఉన్న ఆ రోజుల్లో ఒక్కొక్క సాకెట్టుకు విడిగా వైరు లాగడానికి బదులు, ఒకే వైరును ఇల్లంతా తిప్పి మళ్ళీ ఫ్యూజు పెట్టె దగ్గరికే తెచ్చి కలిపే వలయం పద్ధతిని ఎంచుకున్నారు. ఆ వలయానికంతటికీ కలిపి 30 ఆంపియర్ల ఫ్యూజు ఉండేది, ఇప్పుడు 32 ఆంపియర్ల బ్రేకరు, అంటే కరెంటు మితిమీరితే తానే ఆగిపోయే స్విచ్, ఉంటోంది.

ఇక్కడే చిక్కు వచ్చింది. గోడలోని మందపాటి వైరును కాపాడటానికి 32 ఆంపియర్ల బ్రేకరు చాలు. కానీ అదే సాకెట్టుకు మనం తగిలించే టేబుల్ లైటు వైరు 3 ఆంపియర్లకు మించి మోయలేదు. ఆ సన్నని వైరులో లోపం వస్తే, గోడ దగ్గరున్న బ్రేకరు దాన్ని పట్టించుకునేలోగా వైరు కాలిపోవచ్చు. కాబట్టి ఎవరి వైరుకు వారే తగిన కాపలాదారుని వెంటబెట్టుకు రావాలన్నారు. ఆ కాపలాదారే ప్లగ్గులోని ఫ్యూజు. మన దేశంలో ఇప్పటికీ వాడుతున్న గుండ్రటి పిన్నుల ప్లగ్గులు, అంతకుముందు బ్రిటన్ వాడి వదిలేసిన నమూనా నుంచి వచ్చినవే. వారు వలయం పద్ధతికి మారినప్పుడు ఫ్యూజు ప్లగ్గులోకి వచ్చింది, మనం మారలేదు కాబట్టి మన ప్లగ్గులోకి రాలేదు.

ఈ మాట మీరు రాసుకోవాలని కోరుతున్నాను. ప్లగ్గులోని ఫ్యూజు మొదటి బాధ్యత వైరును కాపాడటం. యంత్రాన్ని కాపాడే పని దానిది కాదు. ఒక్కోసారి ఆ మేలు కూడా జరుగుతుంది, అది వేరే సంగతి. దీనికి సులువైన సాక్ష్యం ఒకటుంది. ఐరోపాలోని చాలా దేశాల్లో ప్లగ్గులకు ఫ్యూజు లేదు. అవే కంపెనీలు అవే యంత్రాలను అక్కడా ఇక్కడా అమ్ముతాయి. యంత్రానికి రక్షణ కావాలంటే దాని లోపలే పెట్టి పంపుతాయి. మన మిక్సీనే తీసుకోండి. దాన్ని తిరగేసి చూస్తే అడుగున చిన్న ఎర్ర బొత్తాం కనబడుతుంది. మినప్పప్పు గట్టిపడి బ్లేడు ఆగిపోతే ఆ బొత్తాం బయటికి వచ్చి మోటారుకు కరెంటు ఆపేస్తుంది. మోటారు క్షేమం చూసేది అది. ఆ మిక్సీకీ గోడకూ మధ్యనున్న మీటరున్నర వైరు క్షేమం చూసేది ఫ్యూజు.

ఇక ఫ్యూజు ఎలా తెగుతుందన్న దాని మీద కాస్త ఎక్కువసేపు ఉందాం, ఎందుకంటే చాలామంది పొరబడేది ఇక్కడే. 13 అని రాసి ఉంటే 13 ఆంపియర్లు దాటగానే పోతుందని అనుకుంటాం. అలా జరగదు. ఈ ఫ్యూజుల ప్రమాణం బీఎస్ 1362. దాని ప్రకారం తయారైన 13 ఆంపియర్ల ఫ్యూజు 20 ఆంపియర్ల కరెంటును పావుగంటకు పైగా మోయగలదు. దాదాపు 25 ఆంపియర్లు వెళ్తే అరగంటలోగా తెగుతుంది. నలిగిన వైరులో రెండు తీగలు పూర్తిగా కలిసిపోకుండా, మధ్యలో కాలిన ప్లాస్టిక్ మసి గుండా కొద్దికొద్దిగా కరెంటు పారుతోందనుకోండి. ఆ కరెంటు 15 ఆంపియర్లో 20 ఆంపియర్లో అయితే 13 ఆంపియర్ల ఫ్యూజుకు అది లెక్కలోకే రాదు. 3 ఆంపియర్లు మాత్రమే మోసే సన్నని వైరుకు మాత్రం అది తన శక్తికి అయిదారు రెట్లు. దీపావళి తోరణంలో జరిగింది ఇదేనని నా నమ్మకం. అక్కడ ఎర్ర ఫ్యూజు, అంటే 3 ఆంపియర్లది ఉంటే, అంత కరెంటుకు కన్ను మూసి తెరిచేలోగా తెగిపోయేది.

లోహపు ఒళ్ళున్న పరికరాల్లో దీనికి ఇంకొక కోణం ఉంది. లోపలి తీగ ఊడి ఒంటికి తగిలితే ఎర్తు వైరు ద్వారా కరెంటు భూమికి పోయి, ఫ్యూజును తెంపాలి. ఎంత త్వరగా తెగితే, ఆ క్షణంలో దాన్ని ముట్టుకున్న మనిషికి అంత మేలు. సెకనులో సగం కంటే తక్కువ కాలంలో, అంటే 0.4 సెకన్లలో తెగాలంటే 3 ఆంపియర్ల ఫ్యూజుకు సుమారు 15 ఆంపియర్లు చాలు. అదే 13 ఆంపియర్ల ఫ్యూజుకు దాదాపు 100 ఆంపియర్లు పారాలి. ఎర్తు కలయిక ఏమాత్రం వదులుగా ఉన్నా అంత కరెంటు పారకపోవచ్చు. చిన్న యంత్రానికి చిన్న ఫ్యూజు ఉండాలని నేను ఇంతగా పట్టుబట్టడానికి ఇది రెండో కారణం.

సరే, ఎంచుకోవడం ఎలా? మొదట పరికరం అడుగునో వెనుకనో ఉండే రేటింగు పలక చదవాలి. దాని మీద వాట్లు ఉంటాయి. ఇక్కడి వోల్టేజి 230. వాట్లను 230తో భాగిస్తే ఆంపియర్లు వస్తాయి. 3 ఆంపియర్లంటే దాదాపు 700 వాట్లు, 13 ఆంపియర్లంటే దాదాపు 3000 వాట్లు. అందుకే 700 వాట్ల లోపు వాటికి 3, ఆ పైన వాటికి 13 అని ఇక్కడి తయారీదారులు చాలాకాలంగా ఒక వాడుక పెట్టుకున్నారు. 3 ఆంపియర్ల ఫ్యూజు మీద ఎరుపు, 13 దాని మీద గోధుమరంగు ఉంటాయి. 1, 2, 5, 7, 10 కూడా దొరుకుతాయి, అవి నల్ల రంగులో ఉంటాయి. రంగును నమ్మి ఊరుకోకండి, అంకె చదవండి. అవసరమైతే ఫోను కెమెరాతో పెద్దది చేసి చదవండి.

వాట్ల లెక్క ఒక్కటే చూస్తే సగం పనే అవుతుంది. ఆ తరువాత వైరు చూడాలి. ఇక్కడి ఎలక్ట్రీషియన్లు దీన్ని ఫ్లెక్స్ అంటారు. ఫ్లెక్స్ పొడవునా సన్నని ఉబ్బెత్తు అక్షరాలు అచ్చు వేసి ఉంటాయి. దీపానికి ఏటవాలుగా పట్టుకుని వేలితో మెల్లగా తిప్పితే కనబడతాయి. ఆ వరుసలో 3జీ 0.75 అని ఉంటే, ఎర్తుతో కలిపి మూడు తీగలున్నాయని, ఒక్కొక్కటి ముప్పాతిక చదరపు మిల్లీమీటరు మందమని అర్థం. 0.5 వైరు 3 ఆంపియర్లు మోస్తుంది. 0.75 అయితే 6, 1.0 అయితే 10, 1.25 అయితే 13. ఈ నాలుగు జతలు నోటికి వచ్చేస్తే మీ పని చాలా తేలికవుతుంది. 0.5 వైరు కనబడితే ఇంకేమీ ఆలోచించనక్కరలేదు, దానికి 3 ఆంపియర్లకు మించి వేయకూడదు.

మీలో జాగ్రత్తగా చూసేవారికి వెంటనే ఒక అనుమానం వస్తుంది. ఇంట్లో కెటిల్ 3000 వాట్లు, దాని వైరు మీద 1.0 అని ఉంది, ప్లగ్గులో 13 ఉంది, ఇది తప్పు కాదా? తప్పు కాదు. రెండు మీటర్ల లోపు పొట్టి వైరుకు పరికరాల ప్రమాణమే ఆ మేరకు సడలింపు ఇస్తుంది. పైగా కెటిల్ లోపలి హీటరు తీసుకునే కరెంటు స్థిరమైనది, దానికి తోడు ఇంకొకటి తగిలించడానికి వీల్లేదు. కాబట్టి అక్కడ ఫ్యూజు కాపాడవలసింది తీగలు నేరుగా కలిసిపోయే ప్రమాదం నుంచి మాత్రమే, ఆ పని 13 చేయగలదు. తయారీదారు ఆలోచించి పెట్టినదాన్ని మనం పలక చూడకుండా, సూచనల కాగితం చదవకుండా మార్చకూడదు. కొన్ని ఫ్రిజ్‌లు 150 వాట్లే అయినా వాటికి 13 ఆంపియర్ల ఫ్యూజు వేయమని తయారీదారే రాస్తాడు. కంప్రెసరు మొదలయ్యే క్షణంలో మామూలు కంటే ఎన్నో రెట్లు కరెంటు లాగుతుంది. మనం భద్రత పేరుతో అందులో 3 వేసి వస్తే, అర్ధరాత్రి ఫ్యూజు పోయి, తెల్లవారేసరికి ప్రసాదానికి దాచిన పాలన్నీ విరిగిపోతాయి. ప్లగ్గు వీపు మీద ఫ్యూజు 5 అనో 13 అనో అచ్చు వేసి ఉంటే దాన్నే పాటించండి.

1994 నుంచి ఈ దేశంలో గృహోపకరణాలను సరైన ఫ్యూజు ఉన్న ప్లగ్గు బిగించే అమ్మాలని చట్టం ఉంది. కాబట్టి ఇక్కడ కొన్నవాటిలో తేడా ఉంటే అది తరువాత ఎవరో మార్చడం వల్ల వచ్చిందే అయి ఉంటుంది. మన సంఘానికి అసలు పని పెట్టేవి విజయవాడ నుంచో హైదరాబాదు నుంచో సూట్‌కేసులో చీరల మధ్య చుట్టుకుని తెచ్చుకున్న మిక్సీలు, గ్రైండర్లు. అక్కడా ఇక్కడా వోల్టేజి, ఫ్రీక్వెన్సీ ఒకటే కాబట్టి అవి ఇక్కడ హాయిగా తిరుగుతాయి. వాటి గుండ్రటి పిన్నుల ప్లగ్గులో ఫ్యూజు లేదు. చవకరకం అడాప్టరులోనూ ఉండకపోవచ్చు. అప్పుడు ఆ సన్నని వైరుకూ 32 ఆంపియర్ల బ్రేకరుకూ మధ్య ఎవరూ లేరు. అలాంటి అడాప్టరుతో వచ్చిన పరికరాన్ని మనం తిప్పి పంపుదాం, లేదా యజమాని ఒప్పుకుంటే అక్కడికక్కడే బీఎస్ 1363 ప్లగ్గు బిగిద్దాం.

ఒక ఉదాహరణ లెక్క కడదాం. ఇదిగో, మన ఖజాంచీగారి ఇంటి మిక్సీ. పలక మీద 750 వాట్లు. 230తో భాగిస్తే 3.3 ఆంపియర్లకు కొంచెం తక్కువ. ఎర్ర ఫ్యూజు వేద్దామా? వేస్తే ఈ పూటకు నడుస్తుంది, ఇందాక చెప్పినట్టు ఫ్యూజు తన అంకెకు కొంత పైన కూడా మోస్తుంది. కానీ మిక్సీని మనం ఆపుతూ ఆడిస్తూ ఉంటాం. ఆడించిన ప్రతిసారీ మోటారు ఒక్క ఉదుటున ఎక్కువ కరెంటు లాగుతుంది. ఆ దెబ్బలకు లోపలి తీగ అలసిపోయి, కొబ్బరి పచ్చడి మధ్యలో ఉండగా ఒకరోజు తెగుతుంది. అప్పుడు చేతికి దొరికిన గోధుమరంగుది వేసేస్తారు. వైరు చూస్తే 0.75 అని ఉంది, 6 ఆంపియర్లు మోస్తుంది. వైరు మోయగలిగినదానికి లోపల, మిక్సీ లాగేదానికి పైన ఉండేది 5. నల్ల ఫ్యూజు. అందుకే పెట్టెలో నేను 3, 13 తో పాటు 5 కూడా ఎక్కువగా తెచ్చాను. అవి మామూలు దుకాణాల్లో అంత తేలిగ్గా దొరకవు, ఎలక్ట్రికల్ సరుకులు అమ్మేచోట అడగాలి.

పక్కనున్న చిన్న వెట్ గ్రైండరు 150 వాట్లు. ఒక ఆంపియరు కూడా లాగదు. రాయి బరువుగా ఉంది కదా అని 13 వేయనక్కరలేదు, 3 నిశ్చింతగా సరిపోతుంది. పైగా దాని ఒళ్ళు స్టీలు, పిండి తడి చేతులతో ముట్టుకునేది. ఇందాకటి 15 ఆంపియర్లకూ 100 ఆంపియర్లకూ ఉన్న తేడా ఇక్కడ గుర్తు తెచ్చుకోండి. ప్లగ్గు మార్చేటప్పుడు రంగులు జాగ్రత్త. ఇక్కడ గోధుమరంగు లైను, నీలం న్యూట్రలు, ఆకుపచ్చ మీద పసుపు చార ఎర్తు. మన దగ్గరి నుంచి వచ్చినవాటిలో ఎరుపు, నలుపు, ఆకుపచ్చ కనబడతాయి. ఎరుపు లైనే, అది ఫ్యూజు ఉన్న పిన్నుకు చేరాలి. ఫ్యూజు న్యూట్రలు వైపు పడిందంటే, ఫ్యూజు తెగాక కూడా యంత్రం లోపలి భాగాలు కరెంటు మీదే ఉంటాయి.

ఎక్స్‌టెన్షన్ బోర్డుల గురించి ఒక హెచ్చరిక. వీటికి సాధారణంగా 13 ఆంపియర్ల ఫ్యూజు, 1.25 వైరు ఉంటాయి, అది సరైన జతే. దాని మీద అన్నం కుక్కరు 1000 వాట్లు, టీ కాచే పెద్ద పాత్ర 2500 వాట్లు పెట్టారనుకోండి. మొత్తం 15 ఆంపియర్లు దాటుతుంది. ఫ్యూజు పోతే తెలుస్తుందిలే అనుకుంటే పొరపాటు. 15 ఆంపియర్లకు అది సభ ముగిసేదాకా కూడా పోకపోవచ్చు. ఈలోగా ప్లగ్గు చెయ్యి పెట్టలేనంత వేడెక్కి, పిన్ను చుట్టూ ప్లాస్టిక్ పసుపెక్కుతుంది. కాబట్టి ఏ బోర్డు మీద ఏవి పెట్టాలో ముందే కాగితం మీద కూడి, 3000 వాట్లు దాటకుండా పంచడం వంటవిభాగం వారి పని. వైరు చక్రానికి చుట్టి ఉండే చుట్ట బోర్డు అయితే వైరంతా విప్పి పరచాలి. చుట్టి ఉండగా అది మోయగలిగేది చాలా తక్కువని దాని మీదే రాసి ఉంటుంది.

ఇప్పుడు ఈ పళ్ళెంలో ఉన్నవి చూడండి, దగ్గరికి రండి. రెండు 13 ఆంపియర్ల ఫ్యూజులను నిన్న రాత్రి రెంచితో నొక్కి పగలగొట్టి తెచ్చాను. మొదటిదాని పింగాణీ గొట్టం నిండా సన్నని తెల్ల ఇసుక ఉంది, పళ్ళెంలోకి జలజలా రాలింది. ఆ ఇసుకలో పూడుకుని వెంట్రుకంత తీగ ఉంది. తీగ కరిగి తెగినప్పుడు పుట్టే మంటను ఆ ఇసుక పీల్చుకుని, తానే కరిగి గాజులా గడ్డకట్టి కరెంటు దారి మూసేస్తుంది. దానివల్లే ఇంత చిన్న వస్తువు, తీగలు నేరుగా కలిసిపోతే వచ్చే 6000 ఆంపియర్ల షార్టును కూడా పగలకుండా ఆపగలుగుతుంది. రెండోది చవకగా దొరికిన అడాప్టరులోంచి తీసినది. పైన అంకె, ముద్ర అన్నీ ఉన్నాయి. లోపల ఖాళీ. ఒక తీగ మాత్రం ఆ చివర నుంచి ఈ చివరకు వేలాడుతోంది. పెద్ద షార్టు వచ్చిన రోజున ఇది పేలుతుంది, లేదా మంట అలాగే కొనసాగుతుంది. బయటి నుంచి తేడా చెప్పడం కష్టం కాబట్టి, బీఎస్ 1362 అన్న అంకె, ప్రమాణానికి సరిపోయిందని పరీక్షించి ఇచ్చే ఆస్టా ముద్ర ఉన్నవాటిని నమ్మకమైన చోటే కొనాలి. ఊరూపేరూ లేని అడాప్టరుతో వచ్చినదాన్ని పారేసి కొత్తది వేయాలి. ఇంత చవకైన వస్తువు కోసం బేరం వద్దు.

ఒక సోదరి ఇందాక అడిగారు, పరీక్ష యంత్రం పాస్ అని చూపిస్తే సరిపోదా అని. చాలా ముఖ్యమైన ప్రశ్న. యంత్రం ఎర్తు తీగ తెగకుండా ఉందో లేదో కొలుస్తుంది. 500 వోల్టులు పెట్టి వైరు తొడుగుల్లో కరెంటు కారుతోందేమో చూస్తుంది. ఫ్యూజు తెగిందో లేదో చెప్పే యంత్రాలూ ఉన్నాయి. కానీ 0.5 వైరుకు 13 ఆంపియర్ల ఫ్యూజు వేసినా, 3 వేసినా అది ఒకే మాట చెబుతుంది, పాస్ అని. ఆ దీపావళి తోరణాన్ని ముందురోజు పరీక్షించి ఉంటే పచ్చ చీటీతో బయటికి వచ్చేది. ఫ్యూజు బదులు వెండి కాగితం చుట్టి పెట్టిన ప్లగ్గు కూడా నా చేతికి ఒకసారి వచ్చింది, యంత్రానికి అదీ మంచిదే. అందుకే కంటితో చూసే తనిఖీ ముందు, యంత్రం తరువాత. లోపాల్లో ఎక్కువ భాగం కంటికే దొరుకుతాయని పని స్థలాల భద్రత చూసే ఇక్కడి ప్రభుత్వ సంస్థ హెల్త్ అండ్ సేఫ్టీ ఎగ్జిక్యూటివ్ కూడా చెబుతుంది. ఏటా పరీక్షించి తీరాలని చట్టంలో ఎక్కడా లేదు, పని స్థలంలో పరికరాలను ప్రమాదం లేకుండా ఉంచాలని మాత్రమే 1989 నాటి నిబంధనలు అంటాయి.

కంటితో చూసేటప్పుడు ఫ్యూజును చిన్న స్క్రూడ్రైవరుతో పైకి లేపి బయటికి తీయండి. చివర్ల టోపీలు మెరుస్తూ ఉండాలి. నల్లబడి ఉన్నా, ఫ్యూజు పట్టుకునే ఇత్తడి క్లిప్పు వదులై గోధుమరంగుకు తిరిగినా, అక్కడ వేడి పుట్టిందని అర్థం. ఆ వేడిని ఏ ఫ్యూజూ పట్టుకోలేదు, ఎందుకంటే వదులు కలయిక వల్ల కరెంటు పెరగదు. అలాంటి ప్లగ్గును ఫ్యూజు మార్చి సరిపెట్టకుండా ప్లగ్గే మార్చండి. అచ్చుపోసిన ప్లగ్గును కోసేస్తే, తీసేసిన ముక్క పిన్నులు వంచి పారేయండి. దాన్ని ఒక పసివాడు సాకెట్టులో గుచ్చితే, కోసిన చివర బయటికి వచ్చిన తీగల్లో కరెంటు ఉంటుంది.

ఫ్యూజు మార్చిన ప్రతిసారీ కాగితం మీద రెండు అంకెలు రాయండి, ముందు ఏది ఉంది, ఇప్పుడు ఏది వేశాం. వైరు మందం కూడా పక్కనే రాయండి. ఎప్పుడూ పోని ఫ్యూజు ఇప్పుడు పోయిందని ఎవరైనా తెస్తే, కొత్తది వేసే ముందు ఎందుకు పోయిందని అడగండి. వైరును చివరి నుంచి చివరి దాకా వేళ్ళ మధ్య జారుస్తూ చూడండి. కొత్తది కూడా పోతే అక్కడితో ఆపి, ఎర్ర చీటీ అంటించి పక్కన పెట్టండి. మూడోసారి పెద్దది వేసి చూద్దామని మాత్రం ఎవరూ అనవద్దు.

ఆ గోడవార బల్లల మీద మొత్తం నలభై ఒక్క పరికరాలున్నాయి. ఇద్దరిద్దరుగా కూర్చోండి, ఒకరు విప్పి అంకెలు పైకి చదవాలి, ఒకరు రాయాలి. పరీక్ష యంత్రాలను ఇంకా పెట్టెల్లోంచి తీయలేదు. ముందుగా కిటికీ పక్కన పెట్టిన దీపాల తోరణాలతో మొదలుపెడదాం, వాటి ప్లగ్గుల్లో రెండు కొత్తవిగా కనబడుతున్నాయి.